తొలికాన్పుల మనిషి

ఇలా దగ్గరికి జరగండమ్మా. ఆ దుప్పటి కూడా ఇటు లాక్కోండి. మా తెనాలిలో అయితే భోగినాడు చీకటితోనే లేచి వీధిలో మంట వేసి, దాని మీదే నీళ్ళు కాచుకుని తలంట్లు పోసుకునేవాళ్ళం. ఈ డండీలో నాకు ఈ గదిలోని ఫైర్‌ప్లేసే భోగిమంట. నలభై ఏళ్ళుగా విరిగిన కుర్చీ కాళ్ళూ పాత పీటలూ ఇందులోనే వేస్తున్నాను. అదిగో, ఆ చివర మండుతోందే, అది మీ తాతయ్య తన చేత్తో చేసుకున్న బల్ల తాలూకు చెక్క. బాగా అంటుకోనీ.

ఇందాక అన్నాల దగ్గర వీడొక మాట అడిగాడు. “అమ్మమ్మా, సినిమాకి ప్రొడ్యూసర్ అంటే డబ్బులిచ్చేవాడేగా?” అని. అప్పుడు నేను జవాబు చెప్పలేదు. అది రెండు ముద్దల మధ్య చెప్పేసే సంగతి కాదు నాన్నా. అందుకే మంట వేశాక చెబుతానన్నాను.

మనవాళ్ళలో చాలామంది నీలాగే అనుకుంటారు. తెరమీద హీరో కనిపిస్తాడు. తీసింది డైరెక్టర్ అని అందరికీ తెలుసు. నిర్మాత అంటే డబ్బు సంచీతో వచ్చి, లాభమో నష్టమో మూటగట్టుకుని వెళ్ళేవాడు. నేను అలా అనుకోను. ముప్పై ఏడేళ్ళు పురుళ్ళు పోసిన డాక్టర్ని నేను. నా లెక్కలో నిర్మాత అంటే మంత్రసాని. బిడ్డ ఆవిడది కాదు. నొప్పులు ఆవిడవి కావు. బారసాలనాడు ఆవిణ్ణి ఎవరూ పీట మీద కూర్చోబెట్టరు. కానీ తల్లి బెంబేలెత్తిపోయి నావల్ల కాదు అనే ఘడియలో పక్కన ఉండేది ఆవిడే. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అనేది మా నాయనమ్మ. ఆ మాట అర్థం నాకు లేబర్ రూములో తెలిసింది.

అలాంటి నిర్మాత మా తెనాలిలోనే ఒకాయన పుట్టాడు, ఆలూరి చక్రపాణి గారు. నాగిరెడ్డి గారితో కలిసి విజయా వారి సినిమాలు తీసినాయన. ‘మాయాబజార్’ మీరు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు కదా, అది వాళ్ళదే. ఆయన ముందు రచయిత. శరత్ నవలల్ని బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చినవాడు. ఏ కథ నిలుస్తుందో ఏది నిలవదో చెప్పగల మనిషి డబ్బుకి కూడా పెద్దదిక్కయితే సినిమా ఎలా ఉంటుందో మా చిన్నప్పుడే చూశాం. ఈ దేశానికి వచ్చాక అలాంటి మనిషి ఇంకొకాయన సంగతి తెలిసింది నాకు. ఆయన పేరు డేవిడ్ పట్నం. అవును, మనం ఊరినీ పట్నాన్నీ అన్నట్టే పలకాలి, పట్నం. ఆయన్ని నేను ఎన్నడూ కలవలేదు. ఆయన సినిమాలు చూశాను, ఆయన గురించి దొరికినదల్లా చదివాను, అంతే. అయినా ఇంట్లో మనిషి సంగతి చెప్పినట్టే చెబుతాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆయన 1941 ఫిబ్రవరి 25న లండన్ ఉత్తరాన సౌత్‌గేట్ అనే పేటలో పుట్టాడు. బాంబులు పడుతున్న రోజులు. తండ్రి లెన్ ఫొటోగ్రాఫరు, యుద్ధంలో ఫొటోలు తీసినవాడు. కొడుక్కి చదువు అబ్బలేదు. పదహారేళ్ళకే బడి మానేసి కవర్లూ కాగితాలూ మోసే కుర్రాడిగా పనిలో చేరాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. అక్కడినించి ప్రకటనల కంపెనీల్లోకి వెళ్ళాడు. 1960ల్లో లండన్‌లో కాలెట్ డికెన్సన్ పియర్స్ అని ఒక కంపెనీ ఉండేది. సబ్బుకీ సిగరెట్టుకీ ప్రకటనలు రాసే ఆ గదుల్లో ఈయన పక్కన కూర్చున్న కుర్రాళ్ళెవరో తెలుసా? అలన్ పార్కర్, చార్లెస్ సాచీ. ఒకడు తర్వాత పెద్ద డైరెక్టర్ అయ్యాడు, ఇంకొకడు ప్రపంచంలోనే పెద్ద ప్రకటనల సంస్థ కట్టాడు. తర్వాత పట్నం కొన్నాళ్ళు పేరున్న ఫొటోగ్రాఫర్లకి ఏజెంటుగా ఉన్నాడు. ఒకరి ప్రతిభని ఇంకొకరికి చూపించి, బేరం కుదిర్చి, మధ్యలో మాట పోకుండా చూసుకోవడం అక్కడ వంటబట్టింది.

నువ్వు సినిమాలు రాయి, నేను తీయిస్తాను అని అలన్ పార్కర్‌ని ముందుకు తోసింది ఈయనే. అలా వచ్చింది 1971లో ‘మెలడీ’. బడిపిల్లలు ఇద్దరు ఇప్పుడే పెళ్ళి చేసుకుంటామని పట్టుబట్టే కథ. ఈ దేశంలో ఆడలేదు కానీ జపాన్‌లో విరగబడి చూశారు. తర్వాత 1976లో ఆ పార్కర్ చేతే ‘బగ్సీ మలోన్’ తీయించాడు. గూండాల కథ, కానీ అందులో నటులందరూ పిల్లలే. తుపాకుల్లోంచి గుళ్ళు కాదు, క్రీము వస్తుంది. మీ అమ్మకి అయిదేళ్ళప్పుడు చూపిస్తే కింద పడి నవ్వింది.

ఆ మరుసటి ఏడు ‘ది డ్యూయలిస్ట్స్’. దాని డైరెక్టరు కూడా ప్రకటనల్లోంచి వచ్చినవాడే. అప్పటికే నలభై దగ్గరపడుతున్నాడు, పెద్ద సినిమా ఒక్కటి కూడా తీయలేదు. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా పండుగలో ఆ సినిమాకి తొలి చిత్రాల బహుమతి వచ్చింది. ఆయన పేరు రిడ్లీ స్కాట్. మీరు ‘గ్లాడియేటర్’ చూశారుగా, ఆయనే.

ఇక్కడ కాస్త ఆగి మీకొకటి చెప్పాలి. లేబర్ రూములో తొలికాన్పు అంటే మాకు వేరే జాగ్రత్త. రెండో కాన్పు అయితే మొదటిది ఎలా జరిగిందో కాగితం మీద ఉంటుంది. తొలికాన్పుకి ఏ కాగితమూ ఉండదు. ఎముక ఎంత విచ్చుకుంటుందో, నొప్పులు ఎంతసేపు సాగుతాయో, ఆ పిల్ల ఎంతవరకు తట్టుకుంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. సినిమాకి డబ్బు పెట్టేవాడికీ అదే భయం. ఇంతకుముందు తీశావా, ఆడిందా అని అడుగుతాడు. పట్నం తీయించిన సినిమాలు వరసపెట్టి చూడండి, సగం తొలికాన్పులే. పార్కర్ మొదటి సినిమా, స్కాట్ మొదటి సినిమా, అడ్రియన్ లైన్ మొదటి సినిమా, ఇంకా చెప్పబోయే హ్యూ హడ్సన్, రోలాండ్ జాఫే మొదటి సినిమాలు. ఎవరికీ కాగితం లేదు. వాళ్ళ తరఫున డబ్బున్నవాళ్ళ ముందు కూర్చుని, వీడు తీస్తాడు అని చెప్పింది ఈయన నోరే. మీ తాతయ్య అనేవారు, అది పెట్టుబడి కన్నా పెద్ద పెట్టుబడి అని.

1978లో ‘మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్’ వచ్చింది. టర్కీ జైల్లో చిక్కుకున్న ఒక అమెరికన్ కుర్రాడి కథ, పార్కరే డైరెక్టరు. బాగా ఆడింది, రెండు ఆస్కార్లు వచ్చాయి. నాకు మాత్రం నచ్చలేదు. టర్కీ వాళ్ళందర్నీ రాక్షసుల్లా చూపించారని అప్పుడే అనుకున్నాను. పట్నానికీ అది మనసులో ముల్లయింది. హాల్లో జనం ఆ హింస చూసి ఉత్సాహంగా కేకలు పెడుతుంటే తనకి కలవరం కలిగిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. డబ్బొచ్చిన సినిమా చూసి ఇలా కలవరపడే నిర్మాత ఎంతమంది ఉంటారు? మనస్సాక్షి మాట విని నిలబడే మనిషి కథ ఒకటి కావాలని వెతకడం మొదలెట్టాడు. 1966లో వచ్చిన ‘ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్’ ఆయన మనసులో ఉన్న కొలత.

ఆ కథ ఎలా దొరికిందో వినండి. లాస్ ఏంజెలెస్‌లో అద్దె ఇంట్లో ఫ్లూ జ్వరంతో పడుకున్నాడు. ఏమీ తోచక ఆ ఇంట్లో ఉన్న ఒలింపిక్స్ చరిత్ర పుస్తకం తీసి తిరగేశాడు. 1924 పారిస్ ఒలింపిక్స్ దగ్గర ఒక పేరు కనిపించింది. ఎరిక్ లిడెల్. స్కాట్లండ్ కుర్రాడు, మిషనరీల కొడుకు, పుట్టింది చైనాలో, చదివింది మన ఎడిన్‌బరోలో. వంద మీటర్ల పరుగులో ఇతన్ని మించినవాడు దేశంలో లేడు. కానీ ఆ పరుగు తొలి పోటీలు ఆదివారం పడ్డాయి. ఆదివారం దేవుడిది, నేను పరిగెత్తను అన్నాడు. ఎవరెంత చెప్పినా వినలేదు. దానికి బదులు తనకి అంత అలవాటు లేని నాలుగు వందల మీటర్లకి దిగి 47.6 సెకన్లలో బంగారు పతకం కొట్టాడు. సినిమాలో ఓడ ఎక్కేటప్పుడు ఆదివారం సంగతి తెలిసినట్టు చూపించారు, నిజానికి ఆయనకి నెలల ముందే తెలుసు. అంటే ఒక్క పూట ఆవేశం కాదమ్మా, నెలల తరబడి ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం. అది నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. ఆ వంద మీటర్లు గెలిచింది హెరాల్డ్ ఏబ్రహామ్స్. కేంబ్రిడ్జిలో చదివిన యూదు కుర్రాడు, తనని వేరుగా చూసేవాళ్ళ ముందు గెలిచి చూపించాలన్న మంట ఉన్నవాడు. ఈ ఇద్దరి కథే ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’.

పట్నం కథని కాలిన్ వెలండ్ అనే రచయిత చేతిలో పెట్టాడు. ఆయన ఏం చేశాడంటే, ఆ ఒలింపిక్స్ గురించి జ్ఞాపకాలున్నవాళ్ళు చెప్పండని పేపర్లలో ప్రకటన వేశాడు. ఆ పరుగుల్లో పాల్గొన్న ఇంకో కుర్రాడు అప్పట్లో వాళ్ళమ్మకి రాసిన ఉత్తరాలు అలా బయటికి వచ్చాయి. డైరెక్టరుగా హ్యూ హడ్సన్‌ని పెట్టుకున్నాడు. ప్రకటనల మనిషి, మళ్ళీ తొలికాన్పు. ఈ దేశంలో డబ్బు పెట్టేవాళ్ళు దొరకలేదు. యాభై అయిదేళ్ళ నాటి పరుగుపందేలు, పేరున్న తార ఒక్కరూ లేరు, ఎవరు చూస్తారు అన్నారు. స్క్రిప్టు రాయించడానికి మొదట కొంత డబ్బు జేక్ ఈబర్ట్స్ అనే ఆయన సర్దాడు. చివరికి సగం ఈజిప్టు నుంచి వచ్చిన ఫాయెద్ కుటుంబం కంపెనీ, సగం అమెరికా ఫాక్స్ కంపెనీ పెట్టాయి. బ్రిటిష్ పరువు గురించి ఇంత గొప్పగా చెప్పిన సినిమాకి డబ్బంతా బయటివాళ్ళదే.

మొదట్లో కుర్రాళ్ళందరూ తెల్లబట్టల్లో, ఒట్టి కాళ్ళతో సముద్రపు ఒడ్డున పరిగెత్తుతారే, అది ఎక్కడ తీశారో మీకు తెలుసు. కథలో అది కెంట్‌లోని బ్రాడ్‌స్టెయిర్స్ అని చెప్పారు, తీసింది మాత్రం ఇక్కడే, టే నది వంతెన దాటి వెళితే వచ్చే సెంట్ ఆండ్రూస్‌లో, వెస్ట్ సాండ్స్ మీద. ఆ షూటింగ్ నేను చూడలేదు, వార్డులో ఉన్నాను. సినిమా మాత్రం 1981లో ఇక్కడే డండీలో చూశాం, మీ అమ్మని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి. వంగెలిస్ అనే గ్రీకు ఆయన సంగీతం మొదలైంది. 1924 కథకి కరెంటు వాయిద్యాలేమిటని ఎవరైనా అడగవచ్చు, కానీ ఆ చప్పుడు గుండె కొట్టుకున్నట్టే ఉంటుంది. హాల్లోంచి వచ్చాక మీ తాతయ్య ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఆదివారం కారు తీసి వెస్ట్ సాండ్స్‌కి తీసుకెళ్ళారు. అక్కడ బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఆ చల్లటి నీళ్ళల్లో పరుగు తీశారు. చూస్తూ నేను ఏడ్చేశాను. ఈ దేశం వచ్చి ఏడేళ్ళయింది అప్పటికి. డ్యూటీ, ఇల్లు, చలి, డ్యూటీ. ఆయన అలా పరిగెత్తడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

1982 మార్చిలో నాలుగు ఆస్కార్లు వచ్చాయి ఆ సినిమాకి. ఉత్తమ చిత్రం, స్క్రిప్టు, సంగీతం, దుస్తులు. వెలండ్ వేదిక ఎక్కి బ్రిటిష్ వాళ్ళు వచ్చేస్తున్నారు అని కేక వేశాడు. ఆ మాట నిజమయింది. మరుసటి ఏడు మన ‘గాంధీ’కి ఎనిమిది వచ్చాయి. అటెన్‌బరో గారు ఆ సినిమా కోసం ఇరవై ఏళ్ళు తిరిగారు. అదీ నిర్మాత పట్టుదలే మరి, దానికి డైరెక్టరూ నిర్మాతా ఆయనే. ఈ రెండు సినిమాలకీ ఒక చుట్టరికం ఉంది. లిడెల్‌గా వేసిన అయన్ చార్ల్‌సన్‌ని ‘గాంధీ’లో గుర్తుపట్టారా? దీనబంధు ఆండ్రూస్‌గా వేసింది అతనే. ఆదివారం పరిగెత్తనన్న కుర్రాడే గాంధీ గారి పక్కన నడుస్తుంటే నాకు ఎంతో సరిగ్గా అనిపించింది. రెండు సినిమాల వెనకా మొదట్లో ఆ ఈబర్ట్స్ సర్దిన డబ్బే ఉంది.

‘లోకల్ హీరో’ గురించి ఎక్కువ చెప్పను, రేపు రాత్రి పెట్టుకుని చూద్దాం. 1983లో వచ్చింది. అమెరికా నూనె కంపెనీవాడు స్కాట్లండ్ పల్లెనంతా కొనడానికి మనిషిని పంపిస్తే, వచ్చినవాడు ఆ ఊరికి లొంగిపోతాడు. అబర్డీన్‌కి ఉత్తరాన పెన్నన్ అనే పల్లెలో తీశారు. అక్కడి ఎర్ర టెలిఫోన్ డబ్బా పక్కన మీ అమ్మ నిలబడిన ఫొటో మెట్ల దగ్గర ఉంది చూడండి.

ఇప్పుడు చెప్పబోయేది ‘ది కిల్లింగ్ ఫీల్డ్స్’ గురించి. చిన్నదాన్ని నిద్రపుచ్చారా? సరే. మీరు పెద్దవాళ్ళే, వినవచ్చు.

1975 ఏప్రిల్ 17న కంబోడియా రాజధాని నాంపెన్ ఖ్మేర్ రూజ్ వాళ్ళ చేతికి చిక్కింది. పట్టణాలన్నీ ఖాళీ చేయించి జనాన్ని పొలాలకి తోలారు. చదువుకున్నవాణ్ణి శత్రువన్నారు. డాక్టర్లు, టీచర్లు, కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు, ఎవర్నీ వదల్లేదు. నాలుగేళ్ళలో 15 నుంచి 20 లక్షల మంది పోయారు. న్యూయార్క్ టైమ్స్ విలేకరి సిడ్నీ షాన్‌బర్గ్‌తో కలిసి పనిచేసిన డిత్ ప్రాన్ అనే కంబోడియా విలేకరి అక్కడే చిక్కుపడిపోయాడు. తెల్లవాళ్ళు తప్పించుకున్నారు, అతన్ని తీసుకెళ్ళలేకపోయారు. చదువు లేనివాడిలా నటిస్తూ నాలుగేళ్ళు బతికి, 1979లో నడిచి థాయిలాండ్ చేరాడు. షాన్‌బర్గ్ ఆ కథ రాశాడు. పట్నం దాన్ని పట్టుకున్నాడు. టీవీలో పనిచేసిన రోలాండ్ జాఫేకి ఇచ్చాడు, సినిమాకి అతనూ కొత్త. స్క్రిప్టు బ్రూస్ రాబిన్సన్ అనే నటుడి చేత రాయించాడు, సినిమాగా వచ్చిన అతని మొదటి స్క్రిప్టు అదే.

ప్రాన్ వేషం ఎవరు వేయాలి? దాన్ని వేసినాయన అంతకుముందు ఎన్నడూ నటించలేదు. ఆయన్ని కాలిఫోర్నియాలో ఒక కంబోడియా వాళ్ళ పెళ్ళిలో చూసి పట్టుకున్నారు. పేరు హైంగ్ న్గోర్. వృత్తి డాక్టరు, అమ్మలూ. నాలాగే పురుళ్ళ డాక్టరు.

ఖ్మేర్ రూజ్ వచ్చిన రోజున ఆయన ఆపరేషన్ చేస్తూ ఉన్నాడు. ఆ తర్వాత డాక్టర్నని చెప్పలేదు. టాక్సీ నడుపుకునేవాణ్ణని చెప్పుకున్నాడు. కళ్ళజోడు తీసేశాడు. పొలం పనిలో భార్యకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆపరేషన్ చేస్తే తప్ప బతకదని ఆయనకి తెలుసు, ఆయనకే తెలుసు. చేతిలో కత్తి లేదు, దారం లేదు, మందు లేదు. డాక్టర్నని బయటపడితే అందర్నీ చంపేస్తారు. భార్యా బిడ్డా ఇద్దరూ ఆయన చేతుల్లోనే పోయారు.

నేను ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. మీకెప్పుడూ చెప్పలేదు. నేను చదువు పూర్తయిన కొత్తలో, మన దేశంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉండగా, ఒక రాత్రి ఎద్దుబండి మీద ఒక పిల్లని తెచ్చారు. పద్ధెనిమిదేళ్ళుంటాయి. రక్తం పోతోంది. ఎక్కించడానికి రక్తం లేదు. ఏం చేయాలో నాకు తెలుసు, చేయడానికి కావలసింది ఏదీ అక్కడ లేదు. తెల్లారేలోపు పోయింది. పేరు ఇప్పటికీ గుర్తుంది. అందుకని న్గోర్ గారి చేతులు ఎలా వణికి ఉంటాయో నాకు తెలుసు. ఆయనకి అది సొంత భార్య.

అలాంటి మనిషిని కెమెరా ముందు నిలబెట్టి, మళ్ళీ ఆ పొలాల్లోకి, ఆ బురదలోకి, ఆ నల్లబట్టల్లోకి పంపడం చిన్న మాట కాదు. ఆయన ఒప్పుకున్నది డబ్బు కోసం కాదు. కంబోడియాలో ఏం జరిగిందో లోకానికి చెబుతానని భార్యకి మాటిచ్చానన్నాడు. షూటింగ్ థాయిలాండ్‌లో జరిగింది. సినిమాలో ఒకచోట ఆయన ఎముకల మీదుగా నడుస్తాడు. అక్కడ ఆయన మొహంలో కనిపించేది నటన అని నేను అనుకోలేను. 1985లో ఆయనకి ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది. ఇంకో రెండు కూడా వచ్చాయి ఆ సినిమాకి, ఫొటోగ్రఫీకి క్రిస్ మెంగెస్‌కీ, ఎడిటింగ్‌కి జిమ్ క్లార్క్‌కీ. 1996లో లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి ముందే న్గోర్‌ని కాల్చి చంపారు. ఖ్మేర్ రూజ్ దగ్గర బతికి బయటపడ్డవాడు అమెరికాలో ఇంటి గడపలో పోయాడు. ఆ వార్త విన్న రోజు నేను ఈ కుర్చీలోనే ఉన్నాను.

తెలిసిన మొహాన్ని పెట్టుకుంటే ఆ సినిమాకి డబ్బు తేలిగ్గా వచ్చేదో ఏమో. ఒక్క తారా లేని సినిమా తీసి, కొత్త డైరెక్టర్ని పెట్టి, అసలు నటుడే కాని డాక్టర్ని పెట్టి, ఎవరూ వినడానికి ఇష్టపడని దేశం కథ చెప్పారు. నేనన్న మంత్రసాని అంటే అదీ. ఏదొచ్చినా పట్టడం.

తర్వాత 1986లో ‘ది మిషన్’. దక్షిణ అమెరికాలో గ్వరానీ ప్రజల కోసం నిలబడిన పాద్రీల కథ. ఇగ్వాసు జలపాతం దగ్గరా, కొలంబియాలోనూ తీశారు. స్క్రిప్టు రాబర్ట్ బోల్ట్‌ది. ఆయనే ఆ ‘ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్’ రాసినాయన. అంటే పట్నం కొలతగా పెట్టుకున్న సినిమా రాసిన చెయ్యే చివరికి ఆయన సినిమాకి రాసింది. కాన్‌లో పెద్ద బహుమతి, పామ్ డోర్, దానికి ఇచ్చారు. ఎన్నియో మోరికోనే సంగీతం కోసమైనా చూడాలి మీరు.

ఆ ఏడే అమెరికా కొలంబియా పిక్చర్స్ ఆయన్ని పిలిచి కంపెనీ మొత్తం చేతిలో పెట్టింది. అప్పట్లో దాని యజమాని కోకకోలా. ఒక బ్రిటిష్ నిర్మాత హాలీవుడ్ స్టూడియోకి పెద్ద కావడం గొప్ప వార్త. ఏడాది నిలిచింది. తారలకీ ఏజెంట్లకీ కోట్లు పోయడం తప్పని బహిరంగంగా అనేవాడు. అక్కడి పెద్దలతో పడలేదు. 1987లో వదిలేసి వచ్చాడు. ఆయన ఓడిపోయాడని రాసినవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆయన ఉండగా తీసుకున్న సినిమాల్లో ‘ది లాస్ట్ ఎంపరర్’ ఒకటి. జెరెమీ థామస్ అనే ఇంకో బ్రిటిష్ నిర్మాత తీసిన సినిమా. 1988లో దానికి తొమ్మిది ఆస్కార్లు వచ్చాయి, అప్పటికి పట్నం ఆ కుర్చీలో లేడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక మనం చూసిన తల్లి మరుసటి షిఫ్టులో సుఖంగా కంటుంది. కేసు కాగితం మీద ఇంకొకరి సంతకం ఉంటుంది. నాకు అలా ఎన్నోసార్లు జరిగింది. దానికి బాధేమిటి?

తిరిగొచ్చాక ఇంకొన్ని తీశాడు. యుద్ధ విమానం కథ ‘మెంఫిస్ బెల్’ వాటిలో పేరున్నది. కొన్ని ఆడలేదు. 1999లో వచ్చిన ‘మై లైఫ్ సో ఫార్’ నిర్మాతగా ఆయన చివరి రోజుల సినిమా. దానికి డైరెక్టరు మళ్ళీ హ్యూ హడ్సనే. తీసింది ఇక్కడే, స్కాట్లండ్ పడమటి వైపు ఆర్గైల్‌లో.

ఇప్పుడు ఆ బడి మాట. పదహారేళ్ళకి బడి మానేసిన ఆ కుర్రాణ్ణి 1997లో లార్డ్స్ సభకి పంపారు, బేరన్ పట్నం అయ్యాడు. ఆ పదవిలోకి వచ్చి ఆయన సినిమావాళ్ళ కోసం కన్నా ఎక్కువ పాటుపడింది టీచర్ల కోసం. సినిమా తారలకి ఆస్కార్లు ఉన్నప్పుడు పిల్లలకి చదువు చెప్పేవాళ్ళకి ఎందుకు ఉండకూడదని 1998లో దేశం మొత్తానికీ టీచర్ల అవార్డులు పెట్టించాడు. 2007 నుంచి 2014 దాకా ఓపెన్ యూనివర్సిటీకి చాన్సలర్. మీకు తెలియదు కానీ, నాతో రాత్రి డ్యూటీలు చేసిన ఒక నర్సు ఆ యూనివర్సిటీలోనే డిగ్రీ చదివింది. రెండు కాన్పుల మధ్య, మందుల బల్ల మీద పుస్తకం పెట్టుకుని. యునిసెఫ్‌కి ఈ దేశపు అధ్యక్షుడిగా ఉన్నాడు. 2007లో వాతావరణ చట్టం ముసాయిదాని పరిశీలించిన పార్లమెంటు కమిటీకి ఆయనే పెద్ద. 2021లో లార్డ్స్ సభ నుంచి కూడా తప్పుకున్నాడు. ఐర్లండ్‌లో కార్క్ కౌంటీలోని స్కిబ్బరీన్ అనే ఊరి దగ్గర స్థిరపడ్డాడు.

ఏమిట్రా? ఆయనకి డబ్బు బాగా వచ్చిందా అంటావా? వచ్చే ఉంటుంది నాన్నా. నేను ఆ లెక్క చూడలేదు. నాకు కావలసిన లెక్క వేరే. లిడెల్ సంగతి చెప్పనేలేదు మీకు. ఆ పతకం తర్వాత ఇంకా పరుగులున్నాయి, పేరుంది, అన్నీ వదిలి 1925లో చైనా వెళ్ళి అక్కడ పిల్లలకి చదువు చెప్పాడు. జపాన్ వాళ్ళు పట్టుకుని వెయ్‌షియన్ అనే శిబిరంలో పెట్టారు. అక్కడ కూడా పిల్లలకి సైన్సు చెప్పేవాడు, ఆటలు ఆడించేవాడు. పిల్లలందరూ అంకుల్ ఎరిక్ అనేవాళ్ళు. మెదడులో గడ్డతో 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే పోయాడు, నలభై మూడేళ్ళకి. ఒక పుస్తకంలో నాలుగు వాక్యాల కింద పడుకుని ఉన్న ఆ మనిషిని, జ్వరంతో పడుకున్న ఇంకో మనిషి చూసి లేపాడు. లేకపోతే మీ తాతయ్య ఆ ఆదివారం బూట్లు విప్పేవారే కాదు.

ఆ చెక్క కాస్త ముందుకు తొయ్యి. మంట తగ్గుతోంది. రేపు పొద్దున్నే లేస్తే, వాన లేకపోతే, వంతెన దాటి వెస్ట్ సాండ్స్‌కి వెళ్దాం. నేను కారు పక్కన నిలబడి చూస్తాను. మీ ముగ్గురూ పరిగెత్తాలి. నీళ్ళు గడ్డకట్టినట్టు ఉంటాయి, తువ్వాళ్ళు మర్చిపోకండి.